సముద్రానికి రైల్లో వెళితే?

సెలవులిచ్చారంటే పిల్లలు ముందడిగేది సముద్రమే కదా. కిందటి వేసవిలో ఓ ఆదివారం విజయవాడ నుంచి కారులో సూర్యలంక బయల్దేరాం. బాపట్ల దాటితే మిగిలింది తొమ్మిది కిలోమీటర్లే. అక్కడే గంటన్నర ఇరుక్కుపోయాం! ఎండకి మా ఆడపడుచు చంటిది సొమ్మసిల్లింది. నీళ్ళయినా చూడకుండా వెనక్కొచ్చేశాం.

కారుకి ఐదుగురు చొప్పున 900 మందికి 180 కార్లు కావాలి. పెట్టెకి 90 మంది చొప్పున పది పెట్టెల పాసింజరు ఒక్కటే వాళ్ళందర్నీ తీసుకుపోతుంది. బాపట్ల మెయిన్ లైను మీదే ఉందాయె!

ఇంగ్లండులో సెయింట్ ఐవ్స్ అని సముద్రపుటూరు ఉంది. అన్నీ ఇరుకు వీధులే. 1978లో ఊరికి ఇవతల లెలంట్ సాల్టింగ్స్‌లో కార్లు ఆపి, అక్కణ్ణుంచి రైలెక్కే ఏర్పాటు చేశారు. 2019లో దాన్ని సెయింట్ ఎర్త్‌కి మార్చారు. రైలు దిగితే పక్కనే ఇసుక.

మనకలా కాదు, స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకోవాలి. చిక్కంతా అక్కడే. బండి వచ్చే వేళకి బస్సు సిద్ధంగా ఉండాలి, తిరుగు రైలు మరీ పొద్దుపోకుండా ఉండాలి. లేకపోతే తడిబట్టల పిల్లలతో ప్లాట్‌ఫారం మీద పడిగాపులు ఎవరికండీ, మనకే!

ఈసారి మాత్రం రైలుకే వెళ్దామన్నాను. పులిహోర ఒక సంచిలో, పొడి తువ్వాళ్ళు ఇంకో సంచిలో.