చిన్న సాఫ్ట్‌వేరు సంస్థలు – ఫోను బేరమా, లిఖిత వివరమా?

సాఫ్ట్‌వేరు పరిశ్రమ హైదరాబాదునకే పరిమితమను భావము క్రమముగా తొలగుచున్నది. 2020లో కరీంనగరమున ఐ.టి. టవరు ప్రారంభమైనది. మన గ్రామముల యువకులు నలుగురు కలిసి బియ్యపు మిల్లునకో, ఎరువుల దుకాణమునకో లెక్కల సాఫ్ట్‌వేరు తయారుచేయుట నేడు అసాధ్యము కాదు. తయారుచేయుట ఒక యెత్తు, అమ్ముట ఒక యెత్తు. కొనువారితో ఫోనులో మాటలాడి ఒప్పింపవలెనా, మెయిలులో వివరములు పంపిన చాలునా యనునది వారికి ఎదురగు మొదటి చిక్కు.

ఒక లెక్క చూడుడు. చందా నెలకు 500 రూపాయలనుకొందము. ఒక్కొక్కరితో మూడు మారులు, మారునకు అరగంట చొప్పున మాటలాడగా పదిమందిలో ఒకరు కొన్నచో, ఆ ఒక్క చందాదారునికై 15 గంటలు వ్యయమగును. ఏడాదికి వచ్చునది 6,000 రూపాయలు. ప్రోగ్రాము వ్రాయువాడే ఫోను పట్టుకొని కూర్చున్నచో అందలి తప్పులు దిద్దువాడెవడు? ధరను బహిరంగముగా ప్రకటించి, పనిచేయు తీరును తెలుగులో చిన్న వీడియోగా చూపినచో ఈ శ్రమలో పెద్దభాగము తప్పును. అమెరికాలోని కొనుగోలుదారునికైతే మెయిలే సౌకర్యము. అతనికి పగలైనప్పుడు మనకు రాత్రి.

అయితే జమ్మికుంటలోనో, ఆదిలాబాదులోనో పత్తి వ్యాపారము చేయువారికి మెయిలు పంపి ఊరకుండుట అడవిగాచిన వెన్నెలయే. వారికి పని కన్నులతో చూపవలెను. అదియు పత్తి రాక ముమ్మరముగా నుండు దినములలో గాక, వేసవిలో పోయి చూపవలెను.

ముక్కుమొగము తెలియనివారికి వరుసగా ఫోనులు చేయుట మాత్రము మానవలెను. 2018 నాటి టెలికం నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారము, 1909 ద్వారా వ్యాపారపు ఫోనులు వలదని తెలిపినవారికి అట్టివి చేయరాదు. గుంపుగా పంపెడి మెయిలులకును గౌరవము లేదు. అవి తరచు స్పాము పెట్టెలోనికి పోవును.

సంఘముల సంగతి వేరు. నాటి కరీంనగరము జిల్లాలో 1956లో వెలసిన ములుకనూరు సహకార సంఘమువంటి వానిలో కొనుగోళ్లు ఒక్కని యిష్టము కావు. ఫోనెత్తిన గుమాస్తాకు ఎంత వివరించినను, ఆ మాట పాలకవర్గమును చేరునప్పటికి సగమగును. ఒక పుట ఉత్తరమైనచో సమావేశమున చదివి చర్చింపవచ్చును. ఫోనులో చెప్పిన ధరను తీర్మానమున వ్రాయ వీలులేదని పంచాయతీ సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు.

కావున మీ యూరి యువకుడు తన సాఫ్ట్‌వేరుతో వచ్చినప్పుడు అతని మాటలు వినుడు. పిమ్మట వ్రాసి యిమ్మని కోరుడు. మొదటి యేటి ధరయెంత, తరువాతి యేటి ధరయెంత, వాడకము మానినచో మన లెక్కలు తిరిగి యిచ్చునా యను మూడును అందుండవలెను. ఫోను నంబరును మాత్రము తప్పక తీసికొనుడు. మా యభిప్రాయమున చిన్న సంస్థకు ఫోనుతో అసలు పని అమ్మకము ముగిసిన పిదపనే యుండును. రైతులు సొమ్ముకై వరుసలో నిలిచియుండగా కంప్యూటరు మొరాయించిన దినమున, మెయిలునకు రేపు జవాబు వచ్చిన లాభమేమి?