చూపు తగ్గిందా? వాయిదా వేయకండి



పురుగుమందు డబ్బాపై గడువు తేదీ మసకగా కనిపించినా, పాసుపుస్తకంలోని అంకెలు అలుక్కుపోయినట్లున్నా “వయసు మీదపడింది” అని సరిపెట్టుకుంటున్నారా? కొన్ని జబ్బులలో శస్త్రచికిత్సతో పోయిన చూపు తిరిగి వస్తుంది. మరికొన్నింటిలో మిగిలిన చూపును మాత్రమే కాపాడుకోగలము. ఈ తేడాను ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసి ఉన్నది.

పుదుచ్చేరిలో ఒక వైద్యశాల

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, కడలూరు మార్గంలోని తవళకుప్పం వద్ద 2003లో అరవింద్ కంటి ఆసుపత్రి ప్రారంభమైనది. 1910లో పుదుచ్చేరికి వచ్చి స్థిరపడిన శ్రీ అరవిందుల పేరే ఈ సంస్థకు పెట్టారు. డాక్టర్ జి. వెంకటస్వామి ప్రభుత్వోద్యోగ విరమణానంతరం 1976లో మదురైలో 11 పడకలతో దీనిని నెలకొల్పారు. చెల్లించగలవారి రుసుముతో పేదలకు ఉచిత చికిత్స అందించడం వీరి పద్ధతి. కంటిలో అమర్చే కటకాలను తక్కువ ధరకు తయారుచేసేందుకు 1992లో ఆరోల్యాబ్‌ను కూడా స్థాపించారు.

శుక్లము

కంటిలోని సహజ కటకము తెల్లబారడమే శుక్లము. మత్తుమందుతో కంటికి తిమ్మిరి కలిగించి, చిన్న కోతద్వారా ఆ కటకమును తొలగించి, కృత్రిమ కటకమును అమర్చుతారు. శుక్లము “ముదరాలి” అని ఎదురుచూడడం పొరపాటు. మరీ ముదిరితే శస్త్రచికిత్స కష్టతరమవుతుంది; కంటిలో ఒత్తిడి పెరిగే ప్రమాదమూ ఉన్నది.

నీటికాసులు

కంటిలోని ఒత్తిడి తదితర కారణాల వలన దృష్టి నాడి దెబ్బతినే జబ్బు ఇది. తరచు నొప్పి లేకుండానే ముదురుతుంది. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కలమందు, లేజర్, శస్త్రచికిత్స — ఇవన్నీ మిగిలిన చూపును నిలిపేందుకే. నలభై ఏళ్ళు దాటినవారు, ముఖ్యంగా రక్తసంబంధీకులలో ఈ జబ్బు ఉన్నవారు పరీక్ష చేయించుకోవాలి.

మధుమేహము

చక్కెర వ్యాధి కంటి వెనుకనున్న రెటీనాను దెబ్బతీస్తుంది. తొలిదశలో ఏ లక్షణమూ కనిపించకపోవచ్చును. కనుక ఏటా పరీక్ష అవసరము. అవసరాన్నిబట్టి లేజర్, ఇంజెక్షన్లు, శస్త్రచికిత్స చేస్తారు.

వరి ఆకు గీసుకుంటే

కోతలలో, నూర్పిళ్ళలో వరి ఆకుగాని, ఊకగాని నల్లగుడ్డుకు తగిలితే పసరులు పోయకండి. దుకాణంలో అడిగి తెచ్చిన చుక్కలూ వేయకండి. పుండు మానినా మచ్చ మిగిలితే, చూపుకోసం కార్నియా మార్పిడి అవసరం కావచ్చును. అందుకు మరణించినవారి నేత్రదానమే ఆధారము.

శస్త్రచికిత్స తరువాత

చెప్పినన్నాళ్ళు చుక్కలు వేయండి. కన్ను నలపకండి, దుమ్ము, చెరువునీరు తగలనీయకండి. నొప్పి, ఎరుపు, చూపు తగ్గుదల కనిపిస్తే ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్ళండి.

ఇందుకై అందరూ పుదుచ్చేరికే వెళ్ళనవసరం లేదు. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో విచారించండి. హైదరాబాదులో 1987లో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థకు గ్రామీణ ప్రాంతాలలోనూ కంటి కేంద్రాలున్నాయి. విత్తుకు అదను తప్పితే మరుసటి ఏడు మళ్ళీ విత్తుకోవచ్చును. కొన్ని కంటి జబ్బులలో అదను తప్పితే మరో అదను రాదు.