నొప్పి లేదు... ముప్పు ఉంది!

పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుంటే మళ్లీ లేచేది మధ్యాహ్న భోజనానికే. అమెరికా క్లయింట్‌తో కాల్ ముగిసేసరికి రాత్రి పదకొండు. అప్పుడు బిర్యానీ, ఆ వెంటనే నిద్ర. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఎంతోమంది ఐటీ ఉద్యోగుల దినచర్య ఇదే. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు పాతికేళ్ల వయసులో ఉద్యోగంలో చేరినవాళ్లు ఇప్పుడు యాభై దాటారు. వాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు గుండె గురించీ, నరాల గురించీ కాస్త గట్టిగానే ఆలోచించాల్సిన సమయమిది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఏఐజీ ఆస్పత్రి వైద్యులు కలిసి నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. 2025లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మందికి ఊబకాయం. 34 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్... అంటే పొట్ట, బీపీ, చక్కెర, రక్తంలో కొవ్వులు లాంటివాటిలో కనీసం మూడు గాడి తప్పడం. మధుమేహానికీ గుండెజబ్బుకీ అది రాచబాటే!

తీగ తెగితే గంట మోగదు

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలూ, వాటికి రక్తం అందించే సన్నటి నాళాలూ దెబ్బతింటాయి. పొడవైన నరాలకే తొలి దెబ్బ. అందుకే పాదాల్లో తిమ్మిర్లు, మంటలు... రాత్రిళ్లు మరీ ఎక్కువ. తర్వాత స్పర్శే తెలియదు. చెప్పు కరిచినా, పుండు పడినా పట్టదు.

ఇదే నష్టం గుండెకు వెళ్లే నరాలకూ జరగొచ్చు. అసలు మధుమేహులకు గుండెజబ్బు ముప్పు మిగతావాళ్లకన్నా రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. పైగా గుండెకు రక్తం అందకపోయినా కొందరికి ఛాతీనొప్పే రాదు! దొంగ ఇంట్లో దూరినా గంట మోగదన్నమాట.

మరి గుర్తుపట్టేదెలా? ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమటలు, విపరీతమైన నీరసం, వాంతి వచ్చేలా ఉండటం... వీటిని గ్యాస్ అనుకొని మాత్ర మింగి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. కూర్చున్నా గుండె దడదడలాడటం, లేవగానే కళ్లు తిరగడం కూడా నరాల నష్టానికి సూచన కావచ్చు.

మూడింటినీ కలిపి పట్టాలి

డెన్మార్క్‌లోని స్టెనో కేంద్రం 160 మంది టైప్-2 మధుమేహులను దాదాపు ఎనిమిదేళ్లు గమనించింది. చక్కెర, బీపీ, కొలెస్ట్రాల్ మూడింటినీ కలిపి అదుపు చేసిన వాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు సుమారు సగం తగ్గిందని 2003లో ప్రకటించింది. గుండె వేగం లాంటివాటిని చూసుకునే నరాలకూ మేలు జరిగింది.

అందుకే హెచ్‌బీఏ1సీతో సరిపెట్టొద్దు. బీపీ, కొలెస్ట్రాల్, మూత్రంలో ఆల్బుమిన్ కూడా చూపించుకోవాలి. పాదాల్లో స్పర్శను ఏడాదికోసారి వైద్యులు సన్నటి నైలాన్ పోగుతో పరీక్షిస్తారు. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లలో బి12 తగ్గినా తిమ్మిర్లు వస్తాయి కాబట్టి అదీ చూసుకోవాలి. పొగతాగే అలవాటుంటే మానాలి. అరగంటకోసారి కుర్చీ లోంచి లేవాలి. రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు అరికాళ్లు చూసుకోవాలి.

నొప్పి వచ్చాక చూద్దాంలే అనుకుంటే... మధుమేహుల్లో అది రాకపోవచ్చు!