కొల్లేటికోట: నీరే గోడయైన దుర్గం

జపాను దేశంలో హిమేజీ అనే నగరమున్నది. అక్కడి కోట నేటికీ చెక్కుచెదరలేదు. 1609 నాటికి పూర్తియైన ఆ తెల్లని సౌధాన్ని, దాని చుట్టూ వలయాలుగా త్రవ్విన అగడ్తలను చూచి యాత్రికులు విస్మయం చెందుతారు. 1993లో అది ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేరింది. అగడ్త త్రవ్వుకొని కోటను కాపాడుకొనడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతియే. కాని త్రవ్వవలసిన శ్రమ లేకుండా ఒక సరస్సునే అగడ్తగా చేసుకొన్న కోట మన తెలుగునాట ఉండేదని ఎందరు విద్యార్థులకు తెలుసు?

కౌటిల్యుడు దుర్గాలను నాలుగు విధాలుగా విభజించి, నీటి నడుమ ఉండేదానికి ఔదకమని పేరు పెట్టాడు. జలదుర్గమన్నా అదే. కైకలూరు చేరువనున్న కొల్లేటికోట అటువంటిది. అక్కడ వెలసిన పెద్దింట్లమ్మను భక్తులు జలదుర్గ అనే పేరుతోనే కొలుస్తారు. దేవతకూ దుర్గానికీ ఒకే పేరు కుదరడం కాకతాళీయమో కాదో గాని, కుదిరిన తీరు మాత్రం చక్కగా ఉన్నది.

ఇప్పుడు కోటను చూడాలని వెళ్ళినవారికి బురుజులు కనిపించవు. హిమేజీలో వలె టిక్కెట్టు కొని ఎక్కే అంతస్తులు లేవు. ఉన్నది ఒక గ్రామం, ఒక ఆలయం, చుట్టూ చేపల చెరువులు. ఫాల్గుణ మాసంలో జాతర జరిగే రోజులలో మాత్రం లంక గ్రామాల నుండి జనం తండోపతండాలుగా వస్తారు. మన పూర్వులు పడవల మీద వచ్చేవారు. ఆ నీటి ప్రయాణమే ఈ కోటకు అసలైన ముఖద్వారమని చెప్పాలి.

స్థానిక గాథ ప్రకారం ఇది లాంగూల నరసింహదేవుని కోట. కోణార్క సూర్యదేవాలయాన్ని కట్టించిన పదమూడవ శతాబ్దపు గాంగరాజు పేరు కూడా నరసింహదేవుడే. శత్రుసేనాపతి సరస్సు ఒడ్డున చిగురుకోటలో విడిసి ఎంత ప్రయత్నించినా నీరు దాటలేకపోయాడట. అందుచేత సరస్సు నీటిని సముద్రంలోకి దించివేయడానికి ఉప్పుటేరు వైపున కాలువ త్రవ్వించాడట. గోడను కూల్చలేనివాడు గోడనే కరిగించబూనాడన్నమాట! అప్పుడు ఒడ్డె సేనాని విజయం కోరి తన కుమార్తెను దేవతలకు బలి ఇచ్చాడని, అందువలననే ఆ కాలువకు పేరంటాల కనుమ అనే పేరు వచ్చిందని చెబుతారు.

దీనిని అక్షరాలా చరిత్రగా స్వీకరించనక్కరలేదు. ఉప్పుటేరు కొల్లేటికి సహజమైన నిర్గమం. దాదాపు అరవై కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దానిని ఏ సేనాపతియో మొదటి నుండీ త్రవ్వించి ఉండడు. మహా అయితే ఒక పాయను లోతు చేయించి ఉండవచ్చు. కాని గాథ ఒక సత్యాన్ని గుర్తుంచుకొన్నది: నీరు పోతే కోట పోతుంది. రాజు పేరును, ఆలయాన్ని నిలుపుకొన్న గాథ ఆ పిల్ల పేరును మాత్రం నిలుపుకొనలేదు. ఉపాధ్యాయులు ఈ కథను తరగతిలో చెప్పేటప్పుడు ఆ విషయం కూడ చెప్పవలసి ఉన్నది.

కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల మధ్యనున్న పల్లపు నేల. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదనీటిని పట్టి ఉంచి, మెల్లమెల్లగా వదలడం దాని పని. ఏలూరు పట్టణాన్ని ఒరసి పారే తమ్మిలేరు వచ్చి చేరేది ఈ సరస్సులోనే. కనుక ఈ సరస్సు క్షేమం కొల్లేటికోటవారి సంగతి మాత్రమే కాదు. 1999లో ప్రభుత్వం దీనిని అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాలో దీనికి స్థానం లభించింది. అయినా సరస్సు గర్భంలో చేపల చెరువుల గట్లు లేస్తూనే వచ్చాయి. 2006లో ప్రభుత్వం చాలా గట్లను తెగగొట్టించింది; కొంతకాలానికి మరల చెరువులు వెలిశాయి. చేపలు పెంచేవాడికి అదే జీవనాధారం. అతనిని శత్రువుగా చూడడం తగదు. కాని గట్టు మీద గట్టు లేచినప్పుడు వరదకు చోటు తగ్గుతుందన్నది లెక్కల పంతులుకు వేరుగా చెప్పనక్కరలేదు.

కైకలూరు నుండి కొల్లేటికోటకు వెళ్ళేవారు దారిలో ఆటపాకలో ఒక పూట ఆగడం మంచిది. అక్కడ గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కట్టుకొని ఉంటాయి. వేసవిలో వెళితే మరొకటి గమనించవచ్చు. ఏళ్ళలో నీరు తగ్గినప్పుడు సముద్రపు ఉప్పునీరు ఉప్పుటేటి గుండా వెనుకకు, సరస్సు వైపుకు నడుస్తుంది.