పనిచోట కోపం: మగవారిలో, ఆడవారిలో

ఆఫీసులో గొడవ అనగానే కేకలు వేసే మగవారే గుర్తొస్తారు. ఆడవారికి కోపం తక్కువని చాలామంది నమ్మకం. అది సరికాదు. జాన్ ఆర్చర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2004లో ఎన్నో పరిశోధనలను కలిపి పరిశీలించారు. చేయి చేసుకోవడంలో మగవారే ముందున్నారు గాని, కోపంలో మాత్రం తేడా కనబడలేదు.

తేడా అంతా కోపం చూపే తీరులో ఉంది. 1994లో ఫిన్లాండ్‌లో బ్యోర్క్‌విస్ట్ బృందం విశ్వవిద్యాలయ ఉద్యోగులను పరిశీలించింది. అక్కడ మగవారు ఎక్కువగా మాటకు అడ్డుపడటం, సలహా ఇస్తున్నట్టే పనికి వంకలు పెట్టడం చేసేవారట. ఆడవారిలో చాటుమాటలు, పలకరించకపోవడం ఎక్కువ. రెండు పద్ధతులూ ఇద్దరిలోనూ ఉంటాయి లెండి, మా నర్సులు అందుకు మినహాయింపు కాదు!

మేము చాలా ఏళ్ల క్రితం పనిచేసిన ఒక వార్డులో కొత్త సిస్టర్‌తో తోటివారెవరూ మాట్లాడేవారు కాదు. టీకి కూడా పిలిచేవారు కాదు. ఒక రాత్రి మందు మోతాదులో అనుమానం వచ్చినా అడగడానికి ఆమె జంకింది. రోగికి మందు గంట ఆలస్యమైంది. ఆ వార్డులో ఎవరూ ఎవరినీ ఒక్క తిట్టు తిట్టలేదు.

మీ ఇంట్లో ఉద్యోగం చేసే పిల్లలు డ్యూటీకి వెళ్లే ముందు కడుపునొప్పి అంటున్నా, రాత్రిళ్లు నిద్రపోకపోయినా డాక్టరుకు చూపించండి. పనిచోట తమతో ఎవరు ఎలా ఉంటున్నారో కూడా అడగండి.