గల్లాపెట్టె ఎవరిది?

వారపు సంతలో గోనెపట్టా పరచి సరుకు అమ్ముకొనే వ్యక్తి సంత గుత్తదారుకు తైబజారు చెల్లిస్తాడు. కోస్తా జిల్లాలలో దీనినే ఆశీలు అంటారు. అది చెల్లించిన పిమ్మట, కొనేవారి వద్ద నగదు తీసుకోవడమా, అరువు రాసుకోవడమా, వచ్చే వారానికి వాయిదా ఇవ్వడమా అన్నది పూర్తిగా అమ్మేవాని ఇష్టం. గుత్తదారు ఆ విషయంలో జోక్యం చేసుకోడు. నేటి ఆన్‌లైన్ అంగళ్ళలో ఈ స్వేచ్ఛ లేదు. సరుకు అమ్మకందారునిది, ధర నిర్ణయించేదీ అతడే. కాని ఆ ధర ఏ మార్గాన రావలెనో, ఏనాటికి చేతికి అందవలెనో నిర్ణయించేది అంగడి యజమాని. ఈ కట్టుబాటు ఎట్లా పుట్టినదో, ఎవరి మేలు కోరి పుట్టినదో తెలుసుకోవడం, చదువు ముగించి స్వయంగా ఏదైనా అమ్ముకొని బ్రతుకుదామనుకొనే మన విద్యార్థులకు ఎంతైనా అవసరం.

ఇందుకు ఈబే చరిత్ర చక్కని ఉదాహరణ. 1995లో పియర్ ఒమిడ్యార్ అమెరికాలో నెలకొల్పిన ఈ వేలంపాటల అంగడికి తొలి సంవత్సరాలలో డబ్బుతో ప్రమేయమే లేదు. పాట గెలిచిన వ్యక్తి చెక్కునో, మనియార్డరునో కవరులో పెట్టి తపాలాలో పంపేవాడు. ఆ చెక్కు బ్యాంకులో మారిన తరువాత సరుకు బయలుదేరేది. ఇరువురూ ఒకరి ముఖం ఒకరు ఎరుగరు. డబ్బు పంపిన తరువాత సరుకు వచ్చునో రాదో అని ఒకరికి భయం. సరుకు పంపిన తరువాత చెక్కు చెల్లునో చెల్లదో అని మరొకరికి భయం. తరువాతి కథ అంతా ఈ రెండు భయాల నుండి పుట్టినదే.

1999లో ఈబే బిల్‌పాయింట్ అనే చెల్లింపుల సంస్థను కొన్నది. అయితే అమ్మకందారులు దానికంటె బయటి సంస్థయైన పేపాల్‌నే ఎక్కువగా ఆదరించారు. ఈమెయిలు చిరునామా ఉన్నవారికెవరికైనా డబ్బు పంపగల సౌలభ్యం అందులో ఉన్నది. చివరకు 2002లో ఈబే పేపాల్‌నే సుమారు 150 కోట్ల డాలర్లకు కొనివేసినది. అంతవరకు పేపాల్‌ను ఎన్నుకొన్నవారు అమ్మకందారులే. ఎవరూ వారిని నిర్బంధించలేదు. అంగడీ, గల్లాపెట్టే ఒకే చేతిలోకి వచ్చిన తరువాత పరిస్థితి మారినది. 2006లో గూగుల్ సంస్థ చెకౌట్ అనే చెల్లింపు పద్ధతిని ప్రవేశపెట్టగా, ఈబే తన అంగట్లో దానిని అనుమతించలేదు. దానికి ఇంకా నిరూపితమైన అనుభవం లేదన్నది చెప్పిన కారణం. ఎక్కడా అనుమతించకపోతే అనుభవం ఎట్లా వచ్చునో మరి!

2008లో ఆస్ట్రేలియాలో జరిగినది ఇంకా ఆలోచింపదగినది. ఆ దేశంలో కొనుగోలుదారులు డబ్బును నేరుగా అమ్మకందారుని బ్యాంకు ఖాతాలో జమచేయడం బాగా వాడుకలో ఉండేది. ఆ ఏప్రిల్‌లో ఈబే ఒక ప్రకటన చేసినది. మొదట ప్రతి అమ్మకందారుడు పేపాల్‌ను కూడా అంగీకరించవలెను. తరువాత, జూన్ నుండి, సరుకును చేతికిచ్చి డబ్బు తీసుకొనే సందర్భాలలో తప్ప, పేపాల్‌ను మాత్రమే అంగీకరించవలెను. మోసాలు తగ్గుతాయని, కొనుగోలుదారుకు రక్షణ దొరుకుతుందని సంస్థ వాదన. ఈ వాదనను కొట్టిపారవేయలేము. నేరుగా ఖాతాలో వేసిన డబ్బు, సరుకు రాకపోతే తిరిగి రావడం కష్టం. పేపాల్ ద్వారా పోయిన డబ్బుకు ఫిర్యాదు చేసుకొనే దారి ఉన్నది. కాని ఆ రుసుము ఎవరికి చేరుతుంది? ఈబే సొంత సంస్థకే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడే విస్తరి కూడా తనదే వేసుకొన్నాడు.

చిన్న అమ్మకందారునికి ఈ రుసుము ఎంత బరువో అమెరికా లెక్కతో చూడవచ్చును. ఆ రోజులలో అక్కడ పేపాల్ సాధారణ రుసుము నూటికి 2.9 వంతు, దానిపై 30 సెంట్లు. నూరు డాలర్ల వస్తువు అమ్మినవానికి పోయేది 3 డాలర్ల 20 సెంట్లు. అయిదు డాలర్ల పాత పుస్తకం అమ్మినవానికి పోయేది సుమారు 45 సెంట్లు, అనగా నూటికి తొమ్మిది వంతులు. అంగడికి చెల్లించే రుసుము దీనికి అదనం.

ఇట్టి నిర్బంధానికి చట్టరక్షణ కోరుతూ ఈబే ఆస్ట్రేలియా పోటీ, వినియోగదారుల కమిషన్‌కు తెలియజేయవలసి వచ్చినది. అమ్మకందారుల నుండి తీవ్ర వ్యతిరేకత వచ్చినది. ఏ పద్ధతి తమకు అనుకూలమో వాడుకొనేవారే నిర్ణయించుకోగలరనే దృష్టితో కమిషన్ జూన్‌లో తన ముసాయిదా అభిప్రాయాన్ని సంస్థకు ప్రతికూలంగా వెలువరించినది. జూలైలో ఈబే ఆ ప్రతిపాదనను విరమించుకొన్నది. అయినా పేపాల్‌ను కూడా అంగీకరించవలెననే మొదటి షరతు మాత్రం నిలిచినది. అదే సంవత్సరం అక్టోబరులో అమెరికాలో చెక్కులు, మనియార్డర్లు చాలావరకు నిషిద్ధమైనాయి. 2015లో పేపాల్ ఈబే నుండి విడిపోయినది. గల్లాపెట్టె బయటికి పోయినదనుకొనేలోగా, 2018లో ఈబే చెల్లింపులను తానే స్వీకరించి అమ్మకందారుల బ్యాంకు ఖాతాలకు పంపే కొత్త పద్ధతిని ప్రకటించినది.

మన దేశంలో ఈ కట్టుబాటుపై ఇంత వివాదం చెలరేగలేదు; ఇక్కడి అంగళ్ళు ఆది నుండి ఈ మార్గాననే పెరగడం అందుకు కారణమని నా అభిప్రాయం. ఈబే 2004లో బాజీ అనే భారతీయ సంస్థను కొని ఇక్కడ ప్రవేశించినది. దాని పైసాపే పద్ధతిలో కొనుగోలుదారుని డబ్బు మధ్యవర్తి వద్ద అమానతుగా ఉండి, తరువాత అమ్మకందారునికి చేరేది. ఆ అంగడి 2018లో మూతపడినది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లలో నేడు కార్డుతోనో, యూపీఐతోనో, నగదుతోనో చెల్లించే స్వేచ్ఛ కొనుగోలుదారుకు ఉన్నది, అమ్మకందారునికి లేదు. ఇంటి గుమ్మంలో సరుకు ఇచ్చి తీసుకొన్న నోట్లు కూడా అతని చేతికి నేరుగా రావు.

విదేశాలకు అమ్మేవారి విషయంలో ప్రభుత్వపు కట్టుబాటు కూడా తోడైనది. పేపాల్ వంటి మార్గాల ద్వారా వచ్చే ఎగుమతి సొమ్ముకు రిజర్వు బ్యాంకు 2010 నవంబరులో ఒక్కొక్క అమ్మకానికి 500 డాలర్ల పరిమితి విధించినది. 2011లో అది 3,000కు, 2013లో 10,000కు పెరిగినది. బీదరు పనితనపు కూజా అమ్మేవానికి మొదటి పరిమితి చాలవచ్చును. పెద్ద తివాచీ అమ్మేవానికి చాలదు.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న అమానతు గడువు. అమ్మకందారుడు నూలు, రంగు, కూలి ముందుగానే చెల్లిస్తాడు. అంగడి వద్ద సొమ్ము ఆగిన ప్రతిరోజూ అతడు అప్పు మీద నడుస్తాడు. 2020 మార్చి 17న రిజర్వు బ్యాంకు చెల్లింపుల మధ్యవర్తులకు ఇచ్చిన ఆదేశాలలో, ఈ సొమ్మును వాణిజ్య బ్యాంకులో వేరు ఖాతాలో ఉంచవలెనని, అంగడి వ్యాపారాన్ని, చెల్లింపుల వ్యాపారాన్ని వేరుచేయవలెనని ఉన్నది. సరుకు చేర్చే బాధ్యత మధ్యవర్తిదైతే సరుకు పంపినట్లు తెలిసిన మరునాటికి, అమ్మకందారునిదైతే సరుకు చేరినట్లు రూఢియైన మరునాటికి, వాపసు గడువు ముగిసేవరకు ఆపుకోవచ్చునని ఒప్పందంలో ఉంటే ఆ గడువు తీరిన మరునాటికి సొమ్ము చెల్లించవలెనని నాటి నిబంధన. మూడవ సందర్భంలో అమ్మకందారుని సొమ్ము ఎన్ని రోజులు ఆగునో ఒప్పందంలోని ఆ ఒక్క వాక్యం మీదనే ఆధారపడి ఉన్నది. రేపు ఏ అంగట్లోనైనా సరుకు పెట్టబోయే విద్యార్థి, రుసుముల పట్టికకు ముందు ఆ వాక్యాన్ని వెదకి చదువుకోవలెను.