కొరంగాడు దున్నే ముందు కొళుక్కట్టై పుల్లు గుర్తుపట్టండి



ఉడుమలైపేట, ధారాపురం, కాంగేయం వైపు మనవాళ్లలో చాలామందికి ఒక పక్క మల్బరీ తోట, ఇంకో పక్క వాన మీద బతికే కొరంగాడు ఉంటాయి. చుట్టూ కిలువై కంచె, మధ్యలో తెల్లతుమ్మ చెట్లు, కింద గడ్డి. గూళ్లకి మంచి రేటు పలికిన ఏడాది అది చూస్తే "ఉత్త కలుపే కదా, దున్నేసి మల్బరీ పెడదాం" అనిపిస్తుంది. ఆ పని చేసే ముందు అక్కడ ఉండేది ఏ గడ్డో ఒకసారి చూడండి.

అది కొళుక్కట్టై పుల్లు అయితే కలుపు కాదు. నీళ్లు పెట్టే మల్బరీకి ఎకరానికి ఏడాదికి సుమారు 8 టన్నుల పశువుల ఎరువు వెయ్యమంటారు. అంత ఎరువు బయట కొంటే ఎంతవుతుందో మీకు తెలుసు. మన ఆవులు, గొర్రెలు మేసేది ఈ గడ్డినే, మన దిబ్బకు పేడ వచ్చేదీ దీన్నుంచే.

తెలుగు వ్యవసాయ పుస్తకాల్లో దీని పేరు అంజన్ గడ్డి, శాస్త్రీయ నామం సెంక్రస్ సిలియారిస్. పొడి నేలల్లో మన దేశంలో సహజంగా పెరిగే గడ్డి ఇది. ఒకసారి పాతుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది.

*గుర్తులు ఇవీ*

1. *దుబ్బు:* గరికలా నేలంతా పాకదు. దుబ్బులు విడివిడిగా ఉంటాయి. మొదలు లావుగా, ముడులు ముడులుగా ఉంటుంది. వేర్లు లోతుకు పోతాయి కాబట్టి చేత్తో లాగితే రాదు. ఎండాకాలంలో పైన ఎండినా, వాన పడగానే మొదట్లోంచి చిగురేస్తుంది.

2. *ఆకు:* సన్నగా, కొంచెం నీలం కలిసిన పచ్చగా ఉంటుంది. ఆకును వెనక్కి వంచి, కాడను కలిసే చోట చూడండి. అక్కడ సన్నని వెంట్రుకల వరస కనిపిస్తుంది.

3. *కంకి:* కాడ చివర ఒకటే, నక్కతోకలా గుండ్రంగా ఉంటుంది. పొడవు 2 నుంచి 14 సెంటీమీటర్ల దాకా. లేతలో చాలావాటికి ఊదా రంగు, ముదిరాక ఎండుగడ్డి రంగు.

4. *చేతి పరీక్ష:* కంకిని వేళ్ల మధ్య పెట్టి దువ్వండి. కుచ్చు మెత్తగా ఉంటుంది, గుచ్చుకోదు. ముదిరిన కంకిని దూస్తే గింజలు చుట్టూ ఉన్న కుచ్చుతో సహా ఊడి వస్తాయి, కాడ ఒట్టిగా మిగులుతుంది.

*ఏది కాదు?*

పంచెకూ చీరకూ అంటుకుని గుచ్చే ముళ్లకాయల గడ్డి ఇదే జాతిది, కానీ ఇది కాదు. అది ఒక్క ఏడాది మొక్క, లాగితే వేర్లతో వచ్చేస్తుంది. ఇంకోటి సెంక్రస్ సెటిజెరస్. దాని కుచ్చు పొట్టిగా, గట్టిగా ఉంటుంది. అదీ మంచి మేతే, పొరబడినా నష్టం లేదు. నల్లటి పొడుగు తోకలు మెలికలు తిరిగి ఒకదానికొకటి చుట్టుకునే గడ్డి మాత్రం వేరే. గింజ ముదిరాక అది గొర్రెల చర్మంలో దిగుతుంది, పూతకు ముందే మేపాలి.

చూడడానికి మంచి కాలం ఐప్పసి, కార్తిక వానల తర్వాత. అప్పుడు కంకులు బాగా కనిపిస్తాయి.

*దొరికితే ఏం చెయ్యాలి?*

మల్బరీ పక్క గట్టు మీద ఉంటే గడ్డిమందు కొట్టొద్దు. తుంపర పడితే ఆకు మాడుతుంది. పురుగుమందు అయితే ఇంకా ప్రమాదం, ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చచ్చిపోతాయి. కొడవలితో కోసి పశువులకు వెయ్యండి. మొదలంటా మేపకుండా కొన్ని కంకులు రాలనివ్వండి. గింజ సేకరిస్తే వెంటనే చల్లొద్దు, కొత్త గింజ సరిగా మొలవదు. కొన్ని నెలలు పొడిగా దాచి, వానలకు పైపైన చల్లండి, లోతుగా పూడ్చొద్దు.

దున్నేదీ మానేదీ మీ ఇష్టం. కానీ బోరు ఎండిన ఏడాది మల్బరీ ఆకు తగ్గిపోయినా ఈ దుబ్బులు పశువులను నిలబెడతాయి. అవి మళ్లీ రావాలంటే ఏళ్లు పడుతుంది.

అనుమానం ఉంటే కంకి ఫోటో, దుబ్బు మొదలు ఫోటో రెండూ గ్రూపులో పెట్టండి. కంకి ఒక్కటే చూసి చెప్పడం కష్టం.